కరవది గిత్త

మా వారి మేనమామగారొకాయనకి గుర్రప్పందాల పిచ్చి ఉండేది. హైదరాబాదు మలక్‌పేటలో పందెం ఉన్న రోజున ఆయన పెళ్ళికీ పోరు, పరామర్శకీ పోరు. డబ్బు పోయిందని ఏనాడూ విచారించినట్టు కనపడలేదు గానీ, గుర్రాన్ని తప్పుగా అంచనా వేశానే అని మాత్రం మూడేసి రోజులు మథనపడేవారు. ఫలానా గుర్రం తండ్రి ఎవరు, తాత ఎవరు, తల్లి తరఫు ముత్తాత ఏ దేశంలో ఏ పందెం నెగ్గాడు, ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కట్టుకున్న ఆవిడ పుట్టింటి గోత్రం అడిగితే మాత్రం తడుముకునేవారని మా అత్తగారి ఫిర్యాదు.

ఎక్లిప్స్ అనే గుర్రం సంగతి నేను ఆయన నోటనే విన్నాను. 1764లో ఇంగ్లండులో సూర్యగ్రహణం నాడు పుట్టిందట. అందుకని దానికి గ్రహణం అనే పేరే పెట్టారు. మనవాళ్ళయితే గ్రహణం నాడు పుట్టిన పిల్లకి శాంతి చేయిస్తారు గానీ ఆ పేరు పెట్టి పిలుచుకోరు కదా! 1769, 70 సంవత్సరాల్లో అది పద్దెనిమిది పందేలు పరుగెత్తి ఒక్కటీ ఓడిపోలేదు. చివరికి దానితో పోటీకి దిగే గుర్రం దొరక్క, పందేలు మాన్పించి, ఈడుకొచ్చిన ఆడగుర్రాల మీదికి వదిలారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న మేలుజాతి పందెపు గుర్రాల్లో నూటికి తొంభై పైచిలుకు మగవరసలో దాని సంతతేనట. 1791లో ఆ గుర్రాల వంశావళి పుస్తకం వేశారు. అప్పటినుంచీ ఏ గుర్రం ఎవరికి పుట్టిందో రాస్తూనే ఉన్నారు.

"అదమ్మా వంశమంటే! మీ అద్దంకిలో ఏముంది, పత్తీ మిరపకాయలూ తప్ప?" అనేవారాయన నా వంక చూసి. కొత్తకోడల్ని, నవ్వి ఊరుకునేదాన్ని. జవాబు లేక కాదు, సమయానికి తట్టలేదంతే. నాకు జవాబులెప్పుడూ మెట్లు దిగాకే తడతాయి. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మా అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. ఊరి పేరు వినగానే చదువుకున్నవాళ్ళు పండరంగని శాసనం అంటారు. 848 నాటిదనీ, తెలుగులో దొరికిన తొలి పద్యశాసనమనీ బి.ఏ.లో మాకూ చెప్పారు. ఇంకొంచెం చదివినవాళ్ళు ప్రోలయ వేమారెడ్డి రాజధాని అనీ, ఎర్రాప్రగడ ఆయన కొలువులో ఉన్నాడనీ అంటారు. మా తాతయ్యకి వీటిలో ఏదీ పట్టేది కాదు. ఆయన దృష్టిలో గుండ్లకమ్మ గట్టున రాజులూ కవులూ పుట్టడం ఒక ఎత్తు, కోడెదూడ పుట్టడం ఒక ఎత్తు. "ఈ నీళ్ళు తాగి, ఈ నేల జొన్నచొప్ప తిన్న దూడకి ఎముక ఇనుమవుతుందే అమ్మడూ" అనేవాడు. నేల సంగతి ఆయన ఊరికే అనలేదు. గుండ్లకమ్మ, మూసీ పారే ఆ నల్లరేగళ్ళలో సున్నం పాలు ఎక్కువని పశువైద్యులూ రాశారు. ఆ నేలే ఒంగోలు జాతికి పుట్టిల్లు.

ఒంగోలు గిత్తని చూడనివాళ్ళకి ఎలా చెప్పను? తెల్లటి ఒళ్ళు. మగదానికి మెడ మీదా మూపురం మీదా బూడిదరంగు నీడ. కొమ్ములు పొట్టివి, మొదట్లో లావుగా ఉంటాయి. గడ్డం కిందనుంచి ముందుకాళ్ళ మధ్యదాకా మడతలు మడతలుగా జారే గంగడోలు. కళ్ళచుట్టూ నల్లటి అంచు, ఎవరో తీరిగ్గా కూచుని కాటుక దిద్దినట్టు. ముట్టె నలుపు, తోక కుచ్చు నలుపు. తెల్ల వెంట్రుక కింద చర్మం కూడా నలుపే. ఈ నలుపు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది. శివాలయంలో నందిని చెక్కిన శిల్పి ఎదురుగా ఏ జంతువుని నిలబెట్టుకున్నాడో మా ప్రాంతంలో ఎవరూ అడగరు, తెలిసిన సంగతే కనక.

మేనమామగారి గుర్రాలకి వంశావళి పుస్తకం ఉంది. మా గిత్తలకి పుస్తకం లేదు. మరి జాతి ఎలా నిలబడింది? ఈ ప్రశ్నకి జవాబు మనం రోజూ తిట్టుకునే ఒక మాటలో ఉంది. పనీపాటా లేకుండా ఊరిమీద తిరిగే కుర్రాణ్ణి "అచ్చోసిన ఆంబోతు" అంటాం. మా పెదనాన్న కొడుకు డిగ్రీ తప్పిన ఏడాదంతా వాడి పేరు అదే. ఆ మాట వెనక పెద్ద ఏర్పాటు ఉంది. కలిగిన ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, పదకొండో నాడు వారి పేరున ఒక కోడెదూడని దేవుడికి వదిలేవారు. చేతికందిన దూడని వదిలేస్తే చెల్లదు. ఊళ్ళో పెద్దలు నలుగురూ కూడి, ఉన్నవాటిలోకల్లా మేలైనదాన్ని ఏరేవారు. తల్లి ఎలాంటిది, నడక ఎలా ఉంది, సుళ్ళు ఎక్కడున్నాయి, మూపురం నిటారుగా ఉందా పక్కకి వాలిందా, అన్నీ చూసి, తొడమీద శంఖమో చక్రమో శూలమో అచ్చు వేసి విడిచిపెట్టేవారు. ఆ రోజునుంచీ అది ఊరందరిదీ. ఎవరి చేలో పడి మేసినా కొట్టకూడదు. ఎవరి ఇంటిముందు నిలబడినా చిట్టో తవుడో పెట్టాలి. ఊరి ఆవుల కడుపున పుట్టే దూడలన్నిటికీ అదే తండ్రి. పోయినవారికి పుణ్యం, ఊరికి సంతానం. ఈ ఏర్పాటుని చూసి తెల్లదొరల నాటి పశువైద్యాధికారులు కూడా ఆశ్చర్యపోయారు. డబ్బు ఖర్చు లేకుండా, పుస్తకం లేకుండా, చావు కర్మలో పెట్టి జాతిని కాపాడుకున్నారన్నమాట. మనం చివరికి ఆ మాటని డిగ్రీ తప్పినవాడికి అంటగట్టాం.

ఏరిన పశువుకి విలువ కట్టడం మరో విద్య. సంతలో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కుకుంటారు. మొహాల్లో మాత్రం ఏ భావమూ ఉండదు. చిన్నప్పుడు తాతయ్య వెంట వెళ్ళి, ఆ తువ్వాలు కిందికి తొంగిచూడబోయి చెవి మెలిపెట్టించుకున్నాను. ఇప్పటికీ నాకు ఏ వేలంటే ఎంతో తెలియదు.

సరే, కరవది సంగతికి వస్తాను. కరవది ఒంగోలుకి దగ్గర పల్లె. విజయవాడనుంచి మద్రాసు వైపు పోయే రైలుదారిలో ఒంగోలు ఇంకా రాకముందే చిన్న స్టేషను తగులుతుంది. ఎక్స్‌ప్రెస్సు బండిలో ఉంటే బోర్డు చదివేలోపలే దాటిపోతుంది. ఆ ఊళ్ళో ఒక రైతు ఇంట పెరిగిన గిత్త 1962లో సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్ళింది. అరవై వేల రూపాయలకి అమ్మారని ఈమధ్య పత్రికల్లో రాశారు. మా తాతయ్య చెప్పిన లెక్క వేరే. ఆయన లెక్కలో ఆ సంఖ్య ఏటా పెరుగుతూ ఉండేది కాబట్టి నేను పత్రికనే నమ్ముతాను.

బ్రెజిల్‌వాళ్ళకి మా ఎద్దులు అంతకు ముందే తెలుసు. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్ తీరాన సాల్వడోర్ రేవులో ఆగింది. అందులో ఉన్న ఒక ఒంగోలు జతని అక్కడే దించి అమ్మేశారు. పదేళ్ళకి, 1878లో, రియో ప్రాంతపు ఆసామి లెంగ్రూబర్ జర్మనీలో హాంబర్గు జంతుప్రదర్శనశాలకి వెళ్ళి, బోనులో ఉన్న మన పశువుల్ని చూసి మనసుపడి కొనుక్కుపోయాడు. మనింటి గొడ్లచావిట్లో కట్టేసి ఉండేదాన్ని అక్కడ టిక్కెట్టు కొనుక్కుని చూసేవారు మరి! అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, 1970లో మళ్ళీ విడిపోయి ఒంగోలే జిల్లా అయింది, 1972లో ప్రకాశం అన్నారు. జిల్లాలు మనం ఎన్నిసార్లు మార్చుకున్నా బ్రెజిల్‌వాళ్ళ నోట మొదట పడిన పేరే నిలిచిపోయింది. అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. నెల్లూరువాళ్ళకి ఈ విషయంలో కొంచెం గర్వం ఎక్కువ. ఒంగోలువాళ్ళకి కొంచెం కినుక.

పశువులు వెళ్ళినచోటికల్లా మంచే వెళ్ళలేదు. 1920లో మన దేశంనుంచి బ్రెజిల్ పోతున్న పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వర్ప్ రేవులో ఆగినప్పుడు వాటివల్ల అక్కడ ముసరవ్యాధి అంటుకుంది. ఆ భయంతోనే దేశాలన్నీ కూడి 1924లో పారిస్‌లో పశురోగాల అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నాయి. 1921లో బ్రెజిల్‌కీ ఆ రోగం తగిలింది. వాళ్ళు దిగుమతులు ఆపేశారు. ఎప్పుడో ఒకసారి తలుపు ఓరగా తెరవడం, మళ్ళీ మూసెయ్యడం. ముసరవ్యాధి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు గానీ, 1960 నాటికి అది పేరు చెబితే వణికే రోగం.

అట్లా తలుపు ఓరగా తెరుచుకున్న చివరిసారి 1960నుంచి 62 వరకు. తోరెస్ హోమెమ్ రోడ్రిగ్స్ ద కూన్యా అనే పెద్ద ఆసామి, మరికొందరు బ్రెజిల్ రైతులు మన ప్రాంతాలకి వచ్చి ఊరూరా తిరిగి పశువుల్ని ఏరుకున్నారు. పేరు పలకడానికి నాకే రెండు ఊపిరులు పట్టింది, ఆ రోజుల్లో మా రైతులు ఆయన్ని ఏమని పిలిచి ఉంటారో! "దొరా" అని ఉంటారు. తెల్లగా ఉన్నవాడల్లా దొరే కదా అప్పట్లో. మన భాష ఆయనకి రాదు, ఆయన భాష వీళ్ళకి రాదు. అయినా పశువు దగ్గర ఇద్దరూ ఒకే చోట చెయ్యి పెట్టి చూసి ఉంటారు. మూపురం మీద, వెన్ను మీద, తోక మొదట్లో.

కొన్న గిత్తని ఆయన ఊరి పేరుతోనే పిలిచాడు. బ్రెజిల్ పశువుల పుస్తకాల్లో దాని పేరు కర్వాది. దానితోపాటు వెళ్ళినవాటి పేర్లు చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఒకటి గోదావరి. ఒకటి చేకూరుపాడు. మా నాగులుప్పలపాడు పక్కన ఉన్న పల్లె పేరే అది. ఒకటి తాజ్‌మహల్, సరే, అది అందరికీ తెలిసిన పేరు. ఒకదాని పేరు ఆకాశము. చూశారా, ఆకాశం కాదు, ఆకాశము! మనం ఇళ్ళలో ఎన్నడో వదిలేసిన "ము"ని దక్షిణ అమెరికాలో ఒక ఎద్దు అరవై ఏళ్ళుగా భద్రంగా మోస్తోంది. గ్రాంథికవాదులు వింటే ఎంత సంతోషించేవారో.

అవి నేరుగా బ్రెజిల్ నేలమీద అడుగుపెట్టలేదు. తీరానికి మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన, అట్లాంటిక్ నడిమధ్య ఫెర్నాండో ద నొరోన్య అని చిన్న దీవి ఉంది. రోగం ఉందేమోనన్న భయంతో అక్కడ దించి నెలల తరబడి ఉంచారు. చుట్టూ ఉప్పునీళ్ళు, తెలియని గడ్డి, తెలియని భాషలో అదిలింపులు. మన దగ్గర పెరిగిన గొడ్డు "హై" అంటే కదులుతుంది, "ఓ" అంటే ఆగుతుంది. అక్కడివాళ్ళు ఏమన్నారో, ఇవి ఎన్నాళ్ళకి నేర్చుకున్నాయో ఎక్కడా రాసిపెట్టలేదు. చరిత్ర రాసేవాళ్ళు ఇలాంటివి రాయరు. అందుకే నాబోటివాళ్ళు నవలలు రాయాల్సొస్తుంది.

దీవి దాటాక కర్వాది జీవితం ఎక్లిప్స్ జీవితంలాంటిదే. మెడమీదికి కాడి రాలేదు. బండ లాగలేదు, దుక్కి దున్నలేదు. పని ఒక్కటే, సంతానం. ఎక్లిప్స్‌కి లేని సౌకర్యం ఒకటి దీనికి కలిసొచ్చింది. అప్పటికి వీర్యాన్ని గడ్డకట్టించి దాచే విద్య వచ్చేసింది. ద్రవ నత్రజనిలో, సున్నాకి 196 డిగ్రీల దిగువన, సన్నటి గొట్టాల్లో పెట్టి ఎన్నేళ్ళయినా ఉంచవచ్చు, ఎంత దూరమైనా పంపవచ్చు. గుర్రాల పందెంవాళ్ళు ఈ పద్ధతిని ఇప్పటికీ ఒప్పుకోరు. తండ్రి స్వయంగా రాకపోతే పిల్లని పుస్తకంలోకి ఎక్కించరు. పశువుల వాళ్ళకి ఆ పట్టింపు లేదు. అందుకని ఒక ఎద్దు ఒక ఊరికి కాదు, ఒక దేశానికి ఆంబోతు అయి కూచుంది. కర్వాది కొడుకు చుమ్మక్ కూడా తండ్రంత పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ బ్రెజిల్‌లో పేరున్న నెలోర్ పశువు ఏది తీసుకుని వెనక్కి లెక్కపెట్టినా ఎక్కడో ఒకచోట కర్వాది తగలకుండా ఉండటం అరుదు. ఆ దేశంలో సుమారు 23 కోట్ల పశువులుంటే, వాటిలో నూటికి ఎనభై వంతులు నెలోర్లూ, నెలోర్ రక్తం కలిసినవీనూ.

ఎందుకంత నచ్చాయి? ఇందాక గుర్తుపెట్టుకోమన్న నలుపు ఇక్కడ పనికొచ్చింది. పైన తెల్ల వెంట్రుక ఎండని వెనక్కి కొడుతుంది, కింద నల్లచర్మం లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. ఐరోపా పశువులు బ్రెజిల్ వేడికి వగరుస్తూ, పిడుదులు పట్టి చిక్కిపోతుంటే, రెంటచింతల ఎండల పక్కన పెరిగిన జాతి ఇది, దానికి ఆ వేడి ఒక లెక్కా? పిడుదులు అంతగా పట్టవు. ముతక గడ్డి తిని బతుకుతుంది. ఈత సులువు, మనిషి పక్కన ఉండక్కర్లేదు. వేల ఎకరాల బీళ్ళలో వదిలేస్తే తన బాగు తనే చూసుకుంటుంది.

బాగు చూసుకుంటుంది, ఎందుకోసం? ఇక్కడే నా కలం ఆగుతుంది. ప్రపంచంలో పశుమాంసం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. ఆ మాంసంలో ఎక్కువ భాగం ఈ తెల్ల పశువులదే. కర్వాదిని మెచ్చుకుని కొన్నది దాని వెన్నుమీద కండ చూసి. ఇది తెలియకుండా "మన ఎద్దు ప్రపంచాన్ని గెలిచింది" అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు, అలా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు చేతకాలేదు. వాళ్ళని తప్పుపట్టే హక్కు కూడా నాకుందనుకోను. వాళ్ళు తినడానికే పెంచుకున్నా, ప్రతి దూడ తల్లినీ తండ్రినీ రాసిపెట్టుకున్నారు. 1938 నుంచీ పుస్తకం ఉంది. ఉబెరాబా పట్నంలో ఏటా జాతర చేసినట్టు పశు ప్రదర్శన చేస్తారు. మనం మొక్కడానికే పెంచుకున్నాం. మరి మన దగ్గర ఏమైంది?

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్ళు వదిలారు. అద్దంకి బ్రాంచి కాలువ మా పొలాల దాకా వచ్చింది. నీళ్ళొచ్చాయని దణ్ణం పెట్టుకున్నవాళ్ళలో మా తాతయ్యా ఒకడు, ఆ దణ్ణం తప్పని నేననను. కానీ జొన్న పోయింది, జొన్నతోపాటు చొప్ప పోయింది. బీళ్ళు చేలయ్యాయి. పొగాకు చొప్ప గొడ్డు తినదు, మిరపకట్టె తినదు, పత్తికట్టె పొయ్యిలోకి తప్ప పనికిరాదు. ఒంగోలు ఆవు పాలు పెద్దగా ఇవ్వదు, ఇచ్చినా దూడకే సరి, అందుకని పాలకి గేదెలొచ్చాయి. దుక్కికి ట్రాక్టర్లొచ్చాయి. పదకొండో నాడు ఆంబోతుని వదిలే ఆచారం ఎప్పుడు తప్పిపోయిందో ఎవరూ గమనించలేదు. వదిలితే ఎవరి చేలో మేస్తుంది? అందరిదీ పురుగుమందు కొట్టిన పైరే.

1987లో నాకు ఎనిమిదో ఏడు. ఆ సంవత్సరం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి వేసినవాళ్ళకి అది బాగా గుర్తుంటుంది. తెల్లదోమ ఒకపక్క, కాయతొలిచే పచ్చపురుగు ఒకపక్క. ఏ మందు కొట్టినా చావలేదు. కొట్టిన మందు రైతులే తాగారు. మా వీధి చివర ఇంట్లో ఒకాయన అలాగే పోయాడు. ఆ ఇంటి పిల్ల నాతోపాటే చదివేది, తర్వాత బడికి రాలేదు. మా ఇంట్లో అంత జరగలేదు. మా ఇంట్లో ఎడ్లని అమ్మారు.

జత తెల్లనివి. పేర్లు రాముడూ లక్ష్మన్నా. మందుల కొట్టు బాకీ తీరడానికి వేరే దారి లేకపోయింది. తీసుకెళ్ళడానికి మనుషులు పొద్దున్నే వచ్చారు. నాయనమ్మ వాటి కాళ్ళు కడిగి, నుదుట పసుపూ కుంకమా పెట్టి, ఉలవలు ఉడికించిన తొట్టి ముందు పెట్టింది. లక్ష్మన్న తిన్నది, రాముడు ముట్టలేదు. గంటలపట్టీ విప్పుకుని తాతయ్య లోపలికి వెళ్ళిపోయాడు. పలుపుతాళ్ళు కొత్తవి కొనిచ్చి మరీ పంపాడు, పాత తాళ్ళతో ఇవ్వకూడదట. వీధి మలుపు తిరిగేదాకా మేమందరం నిలబడ్డాం. ఆయన లోపలే ఉన్నాడు. ఆ సాయంత్రం నాతో అన్నాడు, "కరవదిది ఓడెక్కిపోయిందే అమ్మడూ, అది మారాజు. మనవి ఎక్కడికి పోతున్నాయో నేనడగలేదు." ఎందుకు అడగలేదు తాతయ్యా అని నేను అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా కొన్ని అర్థమవుతాయి.

గొడ్లచావిడి కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, తర్వాత ఎరువుల బస్తాలు పెట్టుకునే గది అయింది. ఇప్పుడక్కడ మా తమ్ముడి మోటారుసైకిలు ఉంది.

అలాగని మా ప్రాంతంలో ఒంగోలు గిత్త లేకుండా పోయిందనుకోకండి. చదలవాడలో సర్కారువారి పశుక్షేత్రం ఉంది. గుంటూరు పక్కన లాంలో పరిశోధన కేంద్రం ఉంది. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా ఒంగోలు గిత్తనే పెట్టి వీర అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎద్దుల వీర్యంగానీ పిండాలుగానీ అనుమతి లేకుండా దేశం దాటించడానికి 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఒప్పుకోదు. ఇక బ్రెజిల్‌వాళ్ళకి మా అవసరం ఇంకా తీరలేదు. వెళ్ళినవి కొద్ది గిత్తలే కదా, వాటి సంతానంలోనే మళ్ళీ మళ్ళీ జత కలిసి రక్తం దగ్గరైపోతోందని వాళ్ళ బెంగ. మేనరికాలు ఎక్కువైపోయాయన్నమాట. కొత్త సంబంధం పుట్టింటినుంచే రావాలి.

అన్నిటికంటే ఎక్కువగా జాతిని నిలబెడుతున్నది పందేలు. అవును, మేనమామగారూ, మాకూ పందేలున్నాయి. తిరునాళ్ళకీ సంక్రాంతికీ బండలాగుడు పోటీలు పెడతారు. మట్టి పరిచిన బరిలో పెద్ద బండరాయికి మోకు కట్టి జతని పూన్చుతారు. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగుల దూరం లాగిందన్నది లెక్క. పాలపళ్ళవి వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు, ఆరు, తర్వాత సేద్యపు ఎడ్లు, ఆ పైన సీనియర్లు. స్కూల్లో తరగతులున్నట్టు ఉంటుంది. పోటీ జతని మేపేవాళ్ళు ఇంట్లో పిల్లలకి పెట్టని తిండి వాటికి పెడతారు. లాభం ఉంటుందా అంటే ఉండదు. పందెం గుర్రాలకి డబ్బు పోసేవాళ్ళనీ వీళ్ళనీ పక్కపక్కన నిలబెడితే మా మేనమామగారు వీళ్ళని వెంటనే గుర్తుపట్టి కౌగలించుకునేవారు.

పోయినేడు నేనొకచోట చూశాను. జత వగరుస్తూ నిలబడిపోతే, వెనకనున్న మనిషి చర్నాకోల ఎత్తాడు. మరీ కొట్టలేదుగానీ ఎత్తాడు. పక్కనుంచి ఒక ముసలాయన "దించవయ్యా, అదే లాగుద్ది, నీకెందుకు తొందర" అన్నాడు. అది నిజంగానే లాగింది. ఎన్ని అడుగులో మైకులో చెప్పారు, ఆ గోలలో నాకు వినపడలేదు.

ఈ వ్యాసం రాస్తున్నప్పుడే మా అమ్మకి ఒక ఫొటో చూపించాను. బ్రెజిల్‌లో ఒక నెలోర్ ఆవు. పేరు వియాతినా పందొమ్మిది, ఎఫ్.ఐ.వి., మారా మొవేయిస్. ఎఫ్.ఐ.వి. అంటే పరీక్షనాళికలో పుట్టిందని గుర్తు. మొవేయిస్ అంటే పోర్చుగీసులో కుర్చీలూ బల్లలూనట. మన కోమలాంగి పేరు చివర ఇంటిపేరుగా సామాన్ల దుకాణం వచ్చి చేరింది. బరువు 1,101 కిలోలు. 2023 జూన్‌లో దానిలో మూడోవంతు వాటా మాత్రమే అమ్మితే, ఆ లెక్కన మొత్తం ఆవు ఖరీదు మన డబ్బులో ముప్పై అయిదు కోట్ల పైమాట తేలింది. ప్రపంచంలోకల్లా ఖరీదైన ఆవని గిన్నిస్‌వాళ్ళు రాసుకున్నారు.

ఖరీదు విని అమ్మ పెద్దగా చలించలేదు. కళ్ళజోడు సవరించుకుని ఫోను దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"చెవికి ఆ పచ్చబిళ్ళేమిటే?"

"నంబరమ్మా. గుర్తు కోసం."

"పాలెన్నిస్తుంది?"

"పాలకి కాదమ్మా పెంచేది. దూడల కోసం."

"దూడలు దుక్కికా?"

నేను వంటింట్లో పాలు పొంగుతున్నాయేమో చూసొస్తానని లేచాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా ఆ ఫొటోనే చూస్తోంది. వేలితో తెరమీద ఆవు నుదురు తుడుస్తోంది, బొట్టు పెట్టేముందు తుడిచినట్టు.

"మన రాముడికీ సుడి ఇక్కడే ఉండేది" అంది.